మారుతీ వెనక చక్రం బేరింగ్, నైనా అరచెయ్యి

మా ఇంట్లో 2004 మోడల్ మారుతీ 800 ఒకటి ఉంది. తెల్ల రంగు. ఆ మోడల్ 1983 డిసెంబరులో రోడ్డెక్కింది, 2014 జనవరిలో తయారీ ఆగిపోయింది. అంటే ఇప్పుడది పాత బండే. అయినా మా నైనాకు బండి అంటే అదే. ముప్పై అయిదేళ్ళు మిల్లులో పనిచేసి, తన సంపాదనతో, తన పేరు మీద కొన్న ఒకే ఒక్క కారు అది.

పోయిన మార్గళి నెలలో ఆ బండికి ఒక రొద పట్టుకుంది. నలభై కిలోమీటర్ల వేగం దాటితే 'ఊం' అని మొదలయ్యేది. అరవైకి పోతే ఇంకా పెరిగేది. వేగం తగ్గిస్తే తగ్గేది. అద్దాలు ఎత్తేసి కూర్చుంటే, పక్కింట్లో ఎవరో గ్రైండర్ వేసినట్టు ఉండేది.

అప్పటికి తై నెలలో మా మేనత్త మనవరాలి పెళ్ళి కుదిరి ఉంది, మైసూరులో. "మన బండిలోనే పోదాం" అని నైనా ముందే చెప్పేశాడు. కోయంబత్తూరు నుంచి మైసూరుకు సత్యమంగళం మీదుగా పోతే దింబం కనుమ ఎక్కాలి. 27 హెయిర్‌పిన్ మలుపులు. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. డెబ్బై ఆరేళ్ళ నైనా, అమ్మ, నేను, మా ఆవిడ, మా పాప. ఆ మలుపుల్లో చక్రం పట్టేస్తే ఏమిటని నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు.

ఊళ్ళో ఒక వర్క్‌షాపులో చూపించాను. పేరు వద్దు లెండి. వాళ్ళు బండిని ఒక చుట్టు తిప్పి వచ్చి "టైర్ల చప్పుడు సార్, అరిగిపోయినాయి, మార్చేయండి" అన్నారు. టైర్లు నిజంగానే పాతవి, ఎట్లయినా మార్చాల్సినవే. నాలుగూ మార్చాం. రొద మాత్రం అట్లనే ఉంది. మళ్ళీ పోతే "పాత బండి, కొంచెం చప్పుడు ఉంటాది" అన్నారు.

వెనక సీట్లో ఎడమ పక్క కూర్చున్న నైనా మాత్రం మొదటి రోజే చెప్పాడు: "టైరు కాదురా. బేరింగు."

మీరు ఆశ్చర్యపోవాల్సింది ఇక్కడే. మా నైనాకు చెవులు వినపడవు.

మిల్లు తీసుకున్నది

మన కోయంబత్తూరు నాయుళ్ళ కథ మీలో చాలామందికి తెలిసిందే. విజయనగరం కాలంలోనూ ఆ తర్వాతి నాయకరాజుల కాలంలోనూ ఈ పక్కకు వచ్చామనీ, నల్లరేగడి నేలల్లో పత్తి పండించామనీ మన ఇండ్లలో చెప్పుకుంటాం. ఈ ఊళ్ళో మొదటి నూలు మిల్లు 1888లో స్టేన్స్ దొర పెట్టినది. 1930ల మొదట్లో పైకారా కరెంటు వచ్చాక మిల్లులు వరుసగా లేచాయి. పత్తి పండించే చేతులే మిల్లులు పెట్టాయి, మిల్లుల్లో పనిచేశాయి, మిల్లులకు కావలసిన యంత్రాలు చేశాయి. 1937లో జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు కలిసి ఎలక్ట్రిక్ మోటారు చేసింది కూడా ఈ ఊళ్ళోనే. మోటారు, బావి పంపు, నూలు కదురు, ఏది తీసుకున్నా లోపల తిరిగేది బేరింగు మీదనే. మా ఊరు మొత్తం బేరింగుల మీద తిరుగుతుంది అని నైనా నవ్వుతూ అనేవాడు.

ఆయన రింగ్ ఫ్రేమ్ డిపార్టుమెంటులో ఫిట్టరు. 1971లో చేరి 2006లో దిగాడు. ఒక్కో ఫ్రేముకు వందల కదుళ్ళు. ఒక్కో కదురు నిమిషానికి పదివేల చుట్లకు అటూ ఇటూ తిరుగుతుంది. అట్లాంటి ఫ్రేములు వరసగా నడిచే షెడ్డులో పక్కనున్న మనిషి చెవిలో అరిచినా వినపడదు. సైగలతో, పెదాలు చూసి మాట్లాడుకునేవాళ్ళు. చెవిలో కొంచెం దూది పెట్టుకుంటే అదే రక్షణ. ఎనిమిది గంటల పనిలో 85 డెసిబెల్స్ దాటిన చప్పుడు ఏళ్ళ తరబడి వింటే చెవి చెడిపోతుందని ఇప్పుడు అందరికీ తెలుసు. అప్పుడు షిఫ్టు దిగాక చెవుల్లో గుయ్యిమంటే, "మిల్లు ఇంకా ఇంటికి రాలేదు, చెవిలోనే ఉండాది" అని తమాషా చేసేవాడు.

అంత రొదలోనే ఏ బేరింగు చెడిందో ఆయన కనిపెట్టేవాడు. పొడుగు స్క్రూడ్రైవరు కొస బేరింగు ఉన్న చోట ఆనించి, పిడిని చెవి ముందు ఎముకకు ఆనించేవాడు. గాలిలో వచ్చే చప్పుడు ఎంతున్నా, ఇనుములోంచి వచ్చేది వేరుగా తెలుస్తుందట. డాక్టరు స్టెతస్కోపు ఎట్లనో ఆయనకు స్క్రూడ్రైవరు అట్ల.

రెండేళ్ళ కింద చెవి పరీక్ష చేయించాం. కాగితం మీద గీత ఎడమ నుంచి కొంచెం దూరం బాగానే పోయి, 4000 హెర్ట్జ్ దగ్గర కిందికి దూకేసింది. చప్పుడు వల్ల పాడయ్యే చెవి ముందు అక్కడే దెబ్బతింటుందని చెప్పారు. వయసు మీద పడేకొద్దీ మిగతాదీ తగ్గింది. ముందు పోయేవి 'స', 'శ', 'త', 'క' లాంటి సన్నని హల్లులు. ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది, ఏమంటున్నారో తెలియదు. మగవాళ్ళ గొంతుకంటే ఆడపిల్లల గొంతు ముందు పోతుంది. అంటే మా పాప గొంతు.

చెవి మిషను కొన్నాం. ఇంట్లో ఒక్కరు ఎదురుగా కూర్చుని మాట్లాడితే పనికొస్తుంది. కారులో, కల్యాణ మంటపంలో అది అన్ని చప్పుళ్ళనూ కలిపి పెంచేస్తుంది, అందుకే తీసి జేబులో వేసుకుంటాడు. నిదానంగా ఆయన మాట తగ్గించేశాడు. మనం గట్టిగా అరుస్తాం, అరిస్తే కోపంగా ఉన్నట్టు ఉంటుంది, ఆయన 'ఊ' అని తల ఊపేస్తాడు. భోజనాల దగ్గర మేం మాట్లాడుకుంటుంటే కంచం చూస్తూ కూర్చుంటాడు. ఇంట్లోనే ఉన్నా ఇంటి మాటల్లో లేకుండా పోయాడు. ఇది మీ ఇండ్లలో కూడా ఉంటే, నేనేం చెబుతున్నానో మీకు తెలుస్తుంది.

ఏ చక్రం?

"బేరింగు" అని నైనా చెప్పాక, దాన్ని ఎట్ల తేల్చుకోవాలో ఆయనే చెప్పాడు. మీకు ఎప్పుడైనా పనికొస్తుందని వరసగా రాస్తున్నాను.

మొదటిది, ఖాళీ రోడ్డు మీద అరవైలో పోతూ గేరు న్యూట్రల్ చేయాలి. ఇంజిన్ చప్పుడు పడిపోతుంది. రొద అట్లనే ఉంటే అది ఇంజిన్‌ది కాదు, చక్రాల దగ్గరిది. మాది అట్లనే ఉంది.

రెండోది, రోడ్డు మారినప్పుడు వినాలి. తారు రోడ్డు నుంచి సిమెంటు రోడ్డుకు పోతే టైరు చప్పుడు మారుతుంది. బేరింగు చప్పుడు మారదు. మాది మారలేదు.

మూడోది, మెల్లగా కుడికీ ఎడమకూ వంపు తిప్పి చూడాలి. బండి కుడికి తిరిగితే బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది. అప్పుడు రొద పెరిగితే ఎడమ పక్క బేరింగును అనుమానించాలి. ప్రతిసారీ ఇదే నిజం కాకపోవచ్చు, కానీ దారి చూపిస్తుంది. మాకు కుడి మలుపులో పెరిగింది.

ఎడమ పక్క అని తెలిసింది. ముందుదా, వెనకదా? కారులోపల చప్పుడు అంతటా పరుచుకుంటుంది, చెవితో చెప్పడం కష్టం. వెనక సీటు కిందనుంచి తన తొడకు అదురు తెలుస్తోందని నైనా అన్నాడు. జాకీ ఎత్తి చూద్దామన్నాడు.

ఆదివారం పొద్దున మొదలుపెట్టాం. మారుతీ 800కు ఇంజిన్ బలం ముందు చక్రాలకు పోతుంది. వెనక చక్రం చేత్తో తిప్పాలంటే హ్యాండ్‌బ్రేకు వదలాలి. అందుకని ముందు బండిని మొదటి గేరులో పెట్టి, ముందు చక్రాలకు రెండు పక్కలా రాళ్ళు అడ్డం పెట్టాం. జాకీతో ఎత్తి, యాక్సిల్ కింద ఇనుప స్టాండు పెట్టాం. ఒక్క జాకీని నమ్ముకుని బండి కింద చెయ్యి పెట్టకూడదు. ఇటుకలు పెట్టకూడదు, అవి చెప్పకుండా పగులుతాయి. ఈ రెండు మాటలు నైనా మూడుసార్లు చెప్పాడు. నేను మూడుసార్లూ తల ఊపాను.

చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే చాలా కొంచెంగా కదిలింది. చేత్తో తిప్పితే లోపల ఏదో నలుగుతున్నట్టు ఉంది. ఇప్పుడు స్క్రూడ్రైవరు పరీక్ష. చెయ్యాల్సిన మనిషికి చెవి లేదు. మా పాపను పిలిచాడు.

పాప తొమ్మిదో తరగతి. ఇంట్లో తెలుగు వింటుంది, అర్థమవుతుంది, జవాబు మాత్రం తమిళంలో చెబుతుంది. బడిలో తమిళం, ఇంగ్లీషు. తెలుగు అక్షరం రాదు. నైనాకూ రాదు, ఆయన చదువుకున్నదీ తమిళంలోనే. నేను తెలుగు చదవడం, రాయడం ముప్పై దాటాక నేర్చుకున్నాను. కాబట్టి తాతకు ఏదైనా చెప్పాలంటే పాప ఫోనులో తెలుగు మాటనే తమిళ అక్షరాలతో టైపు చేసి చూపిస్తుంది. వాళ్ళిద్దరి మధ్య ఉత్తరాలు అట్ల నడుస్తాయి.

నేను చక్రం తిప్పాను. పాప స్క్రూడ్రైవరు కొస బ్రేకు ప్లేటు వెనక యాక్సిల్‌కు ఆనించి, పిడి చెవికి ఆనించింది. కళ్ళు మూసుకుని విన్నది. ఫోనులో రాసి చూపించింది.

నైనా చదివి "గరగరనా, కరకరనా?" అన్నాడు.

మీకు తెలుసు కదా, తమిళంలో 'క'కూ 'గ'కూ ఒకటే అక్షరం. పాప రాసింది రెండు విధాలా చదవొచ్చు. ఆయనకు మాత్రం ఆ తేడా చాలా ముఖ్యం. ఆయన లెక్కలో బేరింగు మూడు మెట్లు దిగుతుంది. మొదట 'ఊం' అంటుంది. లోపల రింగు నునుపు పోవడం మొదలయిందని అర్థం, చూసుకుంటూ ఉండాలి. తర్వాత 'గరగర' అంటుంది. రింగు మీద పొక్కులు లేచి గుంటలు పడ్డాయి, దూర ప్రయాణం ముందు మార్చేయాలి. ఆఖరికి 'కరకర' అంటుంది. గ్రీజు ఎండిపోయి, గుండ్లను పట్టి ఉంచే పంజరం విరిగి, ఇనుమూ ఇనుమూ కొరుక్కుంటున్నాయి. అప్పుడు బండిని వీధి చివరి దాకా కూడా తీసుకుపోకూడదు. ఇవి పుస్తకంలో మాటలు కావు. మిల్లు షెడ్డులో మన తెలుగు ఫిట్టర్లు ఒకరికొకరు నేర్పుకున్నవి.

పాపకు 'గ', 'క' అని ఎట్ల చెప్పాలో తెలియలేదు. నోటితో చెప్పింది, ఆయనకు వినపడలేదు. పెదాలు చూశాడు, రెండింటికీ పెదాలు ఒకటే. అప్పుడాయన దాని చెయ్యి పట్టుకుని దాని గొంతు మీదనే పెట్టించాడు.

"గ అను. గొంతు అదురుతాది. ఇప్పుడు క అను. అదరదు. తెలిసిందా అమ్మణ్ణీ? చెవికి తెలియనిది చేతికి తెలుస్తాది."

తర్వాత అదే చేతిని వెనక చక్రం దగ్గరి కాయిల్ స్ప్రింగు మీద పెట్టించాడు. పక్కనే తన చెయ్యీ పెట్టాడు. "ఇప్పుడు తిప్పరా" అన్నాడు. నేను తిప్పాను. స్ప్రింగు తీగ సన్నది, చక్రం లోపలి అదురును అట్లనే మోసుకొస్తుంది. మంచి బేరింగయితే ఏమీ తెలియదు. ఇది ఇసుక మీద చక్రం దొర్లుతున్నట్టు వచ్చింది.

"గరగర" అంది పాప. ఈసారి ఆయన దాని గొంతు వైపు చూసి, వేలితో తాకి, "గరగరే" అన్నాడు. కుడి చక్రం దగ్గరికి పోయి దాన్నీ అట్లనే చూశాం. అది నిశ్శబ్దం.

లోపల చేయాల్సిన పని

ముందు చక్రం బేరింగు అయితే ఇంట్లో చేయవద్దు. అది నకిల్‌లో గట్టిగా కూర్చుని ఉంటుంది, ప్రెస్సు కావాలి. కొత్త బండ్లలో చాలావాటికి హబ్బు మొత్తం ఒకటే ముక్క, ఏబీఎస్ సెన్సరు కూడా దానికే సంబంధించి ఉంటుంది. వాటి దారి వేరు. మారుతీ 800 వెనక చక్రంలో మాత్రం రెండు బాల్ బేరింగులు బ్రేకు డ్రమ్ములోనే కూర్చుంటాయి, మధ్యలో ఒక స్పేసరు గొట్టం. ఓపిక ఉంటే ఇంటి దగ్గర చేసుకోవచ్చు.

చక్రం నట్లు బండి నేల మీద ఉండగానే సడలించాలి. చక్రం తీశాక మధ్యలోని గ్రీజు మూతను సుత్తితో చుట్టూ తట్టి ఊడదీయాలి. దాని కింద యాక్సిల్ నట్టు. కొన్ని బండ్లలో దానికి స్ప్లిట్ పిన్ను ఉంటుంది. మా బండిలో నట్టు అంచును యాక్సిల్ గాడిలోకి కొట్టి మడిచారు. ఆ మడతను ఉలితో లేపి, హ్యాండ్‌బ్రేకు పట్టి ఉంచి నట్టు విప్పాలి. అట్ల మడిచిన నట్టును మళ్ళీ వాడకూడదు, కొత్తది వేయాలి.

నట్టు వచ్చాక హ్యాండ్‌బ్రేకు వదిలేయాలి. డ్రమ్ము చేత్తో లాగితే రాలేదు. దానికి రెండు మరల రంధ్రాలుంటాయి, వాటిలో 8 మిల్లీమీటర్ల బోల్టులు రెండు సమంగా బిగిస్తూ పోతే డ్రమ్ము తనంతట తానే బయటికి వస్తుంది. లోపలి బ్రేకు దుమ్మును నోటితో ఊదకూడదు, గాలి కొట్టకూడదు. తడిబట్టతో తుడవాలి. ఊపిరితిత్తుల్లోకి పోనివ్వకూడని దుమ్ము అది.

పాత బేరింగును తీసేటప్పుడు స్పేసరును ఒక పక్కకు జరిపి, సందులోంచి ఇత్తడి కడ్డీ పెట్టి, చుట్టూ మారుస్తూ కొట్టాలి. ఒకే చోట కొడితే అడ్డం తిరిగి ఇరుక్కుంటుంది. ఎట్లయినా పారేసేదే కనుక దెబ్బలకు భయం లేదు.

బయటికి వచ్చాక నైనా దాన్ని కిరసనాయిల్లో కడిగి, ఎండలో పెట్టి చూపించాడు. లోపలి రింగు దారిలో వేలిగోరు తగిలేటంత గుంట. గ్రీజు నల్లగా, తారులాగ అయిపోయింది. "దింబం ఎక్కేదే, దిగేదో లేదో" అన్నాడు.

కొత్తవి గాంధీపురం పక్క ఒక స్పేర్ పార్టుల అంగడిలో ముందే తెచ్చి పెట్టాం. రెండు బేరింగులు, ఒక ఆయిల్ సీలు, ఒక నట్టు. బేరింగు మీది నంబరు చదవడం అప్పుడే పాపకు నేర్పాడు. ఉదాహరణకు 6205 అని ఉంటే, మొదటి 6 అంటే లోతు గాడి బాల్ బేరింగు. తర్వాతి 2 దాని సిరీసు. ఆఖరి 05ను అయిదుతో హెచ్చిస్తే లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లు. 04 నుంచి పైకి ఇదే లెక్క. 00 అంటే 10, 01 అంటే 12, 02 అంటే 15, 03 అంటే 17. ఈ నాలుగూ నోటికి పట్టుకోవాల్సిందే. పాప మిక్సీ, ఫ్యాను, సైకిలు, ఏది కనబడితే అది అడిగి ఆ రోజంతా లెక్కలు వేసింది. తాత ఒక్కో నంబరుకూ మిల్లులో అది ఏ యంత్రంలో ఉండేదో చెప్పాడు. పదిహేనేళ్ళు దాటినా ఒక్కటీ మరచిపోలేదు.

కొత్త బేరింగులను ముందురోజు రాత్రే ప్లాస్టిక్ కవరులో చుట్టి ఫ్రీజరులో పెట్టాను. "ఇడ్లీ పిండి పక్కన ఇనుము ఏందిరా?" అని అమ్మ కోప్పడింది. 50 మిల్లీమీటర్ల ఉక్కు రింగు 45 డిగ్రీలు చల్లబడితే సుమారు 0.027 మిల్లీమీటరు తగ్గుతుంది. వెంట్రుక మందంలో సగం కూడా ఉండదు. కానీ ఇక్కడ బిగువు కూడా అంతలోనే ఉంటుంది. డ్రమ్మును ఎండలో పెట్టాం, అది కొంచెం పెరుగుతుంది. ఇటు తగ్గి అటు పెరిగితే దెబ్బలు తక్కువ పడతాయి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన మాట. బేరింగుకు లోపల ఒక రింగు, బయట ఒక రింగు, మధ్య గుండ్లు. ఏ రింగు బిగువుగా కూర్చోవాలో ఆ రింగు మీదనే బలం పడాలి. ఇక్కడ బయటి రింగు డ్రమ్ములో బిగువు. కాబట్టి బయటి రింగుకు సరిపడే గొట్టం, లేకపోతే పాత బేరింగు బయటి రింగు పెట్టి దాని మీద కొట్టాలి. లోపలి రింగు మీద కొడితే ఆ దెబ్బ గుండ్ల గుండా పోయి రింగు మీద కంటికి కనబడని నొక్కులు పడతాయి. బేరింగు కొత్తదే, కానీ మొదటి రోజే 'ఊం' అంటుంది. "దెబ్బ గుండు మీదుగా పోకూడదు" అని నైనా మిల్లులో పని నేర్చుకునే పిల్లోళ్ళకు చెప్పేవాడట. మాకూ అదే చెప్పాడు.

సీలు ఉన్న ముఖం బయటి పక్కకు ఉండాలి. ఒక బేరింగు కూర్చున్నాక స్పేసరు వేసి, మధ్య ఖాళీలో సగం లోపే గ్రీజు పెట్టి, రెండోది కూర్చోబెట్టాలి. గ్రీజు ఎక్కువ నింపితే వేడెక్కుతుంది. స్పేసరు మరిస్తే నట్టు బిగించగానే రెండు బేరింగులూ నలిగిపోతాయి. సుత్తి చప్పుడు మారేదాకా కొట్టాలి. 'టక్ టక్' అన్నది 'ఠంగ్' అని గట్టిపడితే రింగు అడుక్కు ఆనినట్టు. నేను చెవితో విన్నాను. నైనా డ్రమ్ము అంచు మీద రెండు వేళ్ళు పెట్టి కూర్చున్నాడు. ఇద్దరం ఒకే దెబ్బకు "చాలు" అన్నాం.

నట్టును సర్వీసు మాన్యువల్లో చెప్పినంత టార్క్ రెంచితో బిగించి, అంచును గాడిలోకి పంచితో మడిచాం. మూత పెట్టి, చక్రం వేసి, బండి దించి, నట్లు ఎదురెదురుగా బిగించాం. పది కిలోమీటర్లు తిప్పి వచ్చి రెండు వెనక చక్రాల మధ్య భాగం చేత్తో తాకి చూశాం. రెండు పక్కలా ఒకటే వేడి. కొత్త పక్క ఎక్కువ కాలితే ఎక్కడో తప్పు జరిగినట్టు. చక్రం నట్లు ఇంకోసారి బిగించాం.

రొద పోయింది.

పెళ్ళికి

తై నెలలో దింబం ఎక్కాం, దిగాం, పెళ్ళి చూశాం, తిరిగి వచ్చాం. దారి పొడుగునా నైనా ఎడమ అరచెయ్యి చక్రం పైన ఉండే తట్టు మీద ఆనించి కూర్చున్నాడు. పాప పక్కనే కూర్చుని మధ్య మధ్యలో తన చెయ్యీ పెట్టేది. "ఏమంటాది?" అని ఆయన అడిగితే తల అడ్డంగా ఊపేది. ఏమీ అనడం లేదని.

ఆయన చెవులు తిరిగి రాలేదు, రావు కూడా. పెళ్ళిలో ఎప్పట్లాగే మిషను జేబులో వేసుకుని ఒక మూల కూర్చున్నాడు. మారింది ఒకటే. ఆ ఆదివారం నాలుగు గంటలు ఆయన మాట్లాడాడు, మేం విన్నాం. ఇప్పుడు బడి నుంచి వచ్చి పాప ఏదైనా చెప్పాలంటే ఎదురుగా కూర్చుని, మెల్లగా, తెలుగులోనే చెబుతుంది. ఆయన దాని పెదాలను తెలుగులో చదవగలడు, ఆ పిల్ల తమిళాన్ని చదవడం ఆయనకు కష్టం. దానికి మాట రాకపోతే ఆయన అందిస్తాడు. మేం పదిహేనేళ్ళు "తెలుగులో మాట్లాడవే" అని పోరినా కానిది, తాతకు అవసరం కాబట్టి అయింది.

మన ఇండ్లలో పుస్తకాలు తక్కువ. మన తెలుగు ఎక్కువ భాగం పనిలోనే ఉండేది. పొలంలో, మిల్లులో, పట్టరైలో, వంటింట్లో. ఆ పనులు పోయేకొద్దీ ఆ మాటలూ పోతున్నాయి. గరగరకూ కరకరకూ తేడా చెప్పే మనిషి పోతే, ఆ తేడా రాసుకునే అక్షరం కూడా మన పిల్లల చేతిలో లేదు. మీ నైనా, మీ తాత, మీ అవ్వ ఏ పని చేసినవాళ్ళయినా సరే, ఆ పనిలో చప్పుళ్ళకు, రుచులకు, వాసనలకు వాళ్ళు ఏం పేరు పెట్టారో అడిగి రాసిపెట్టండి. వినపడకపోతే పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని అడగండి. జవాబు వస్తుంది.